మావాడికి పదిహేనేళ్లు, డీమ్యాట్ కావాలంటున్నాడు. ఏం చెప్పను?

కాకినాడ_నర్సమ్మ
2025 మే 4, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మావాడు మొన్ననే పదో తరగతి పాసయ్యాడు. ఇంటర్ కాలేజీ తెరిచేదాకా ఖాళీ. వాడివి 12,400 రూపాయలు నా దగ్గరున్నాయి. సంక్రాంతికి తాతయ్య ఇచ్చినవి, మార్కులొచ్చాయని మేనత్తలు చేతిలో పెట్టినవి, అన్నీ ఒక కవర్లో వేసి బీరువాలో పెట్టాను. ఇప్పుడు ఆ కవరు ఇమ్మంటున్నాడు. సైకిలుకీ కాదు, ఫోనుకీ కాదు, "ట్రేడింగ్‌కి" అట.

పై వీధిలో వాడి స్నేహితుడి అన్న ఉన్నాడు, ఇంజనీరింగ్ మూడో ఏడు. రోజూ ఫోన్లో పచ్చ అంకెలు చూపిస్తాడట. "నిన్న రెండు గంటల్లో 3,800 అమ్మా, నీ రెండు నైట్ డ్యూటీల కంటే ఎక్కువ" అన్నాడు. కోపమొచ్చింది. ఆ లెక్క నిజమే కాబట్టి ఇంకా కోపమొచ్చింది.

నాకు తెలిసింది చీటీలు, ఎల్ఐసీ, బంగారం. వద్దంటే చాటుగా చేస్తాడని భయం. సరే అందామంటే నాకే ఏమీ తెలీదు. వాళ్ల నాన్న మస్కట్‌లో ఉంటారు, ఫోన్ చేస్తే "నీ ఇష్టం" అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో కాస్త చెప్పండి.

సీమ_ఆడిటర్
2025 మే 4, రాత్రి 11:25

అక్కా, ముందు చట్టం సంగతి చెప్పేస్తా, సగం గొడవ అక్కడే తీరుతుంది. 18 నిండనివాళ్లు చేసే ఒప్పందం మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. మైనర్ పేరు మీద డీమ్యాట్, అంటే షేర్లు ఉంచుకునే ఖాతా, తెరవచ్చు, కానీ నడిపేది గార్డియన్. అందులో ఇంట్రాడే (కొన్న రోజే అమ్మేయడం) ఉండదు, ధర ఎటు పోతుందో పందెం కాసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ అసలే ఉండవు. అంటే ఆ పై వీధి పిల్లోడు చేసేది మీవాడు తన పేరు మీద చేయనే లేడు. "అమ్మా, నీ పేరు మీద తీయి, నేను చూసుకుంటా" అని రేపు తప్పకుండా అంటాడు. అక్కడ మాత్రం లొంగొద్దు. నష్టమొచ్చినా, పన్ను పడినా, నోటీసొచ్చినా మీ పాన్ మీదికే.

మ్యూచువల్ ఫండ్ (అందరి డబ్బూ కలిపి షేర్లలాంటివి కొనేది) అయితే మైనర్ పేరు మీదే ఫోలియో, అంటే ఫండ్ ఖాతా, తెరుస్తారు, జాయింట్ పేరు పెట్టరు. డబ్బు మీ ఖాతా నుంచి కట్టొచ్చు, 2023లో షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ ఆ వెసులుబాటు ఇచ్చింది. వెనక్కి తీసినప్పుడు మాత్రం పిల్లోడి బ్యాంకు ఖాతాలోకే పడుతుంది. 18 నిండిన రోజు నుంచి ఫోలియో ఆగిపోతుంది, వాడి కేవైసీ ఇచ్చి మేజర్‌గా మార్పించేదాకా కదలదు. దానిమీద వచ్చే ఆదాయం పన్ను లెక్కలో తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువో వాళ్ల ఖాతాలో కలుస్తుంది. వాడు సొంత కష్టంతోనో, తెలివితోనో సంపాదించింది మాత్రం కలవదు.

ఇంకో కొత్త కబురు. 2025 ఏప్రిల్ 21న రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. పదేళ్లు దాటిన పిల్లలు సేవింగ్స్ ఖాతా, ఎఫ్‌డీ తామే తెరిచి నడుపుకోవచ్చు. ఎంతవరకు అన్నది ఆ బ్యాంకు ఇష్టం. బ్యాంకులు 2025 జులై 1 కల్లా తమ నిబంధనలు సరిచేసుకోవాలని గడువు పెట్టింది. మీరు మొదలుపెట్టాల్సింది డీమ్యాట్‌తో కాదు, అక్కడ.

లెక్కల_మాస్టారు
2025 మే 5, ఉదయం 6:10

అమ్మా, నేను వరంగల్ దిక్కు సర్కారు బడిల లెక్కలు చెప్త. బారువడ్డీ, చక్రవడ్డీ సూత్రాలు పిల్లలు గడగడ అప్పజెప్తరు. "మీ బాపు తెచ్చిన అప్పుకు వడ్డీ ఎంతరా" అంటే "రెండు రూపాయలు సార్" అంటరు. అది ఏడాదికి ఎంత శాతం అంటే మాత్రం నోరు తెరుస్తరు. నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. ఇంట్ల రోజు వినే మాటకూ, పుస్తకంల ఉన్న లెక్కకూ నడుమ ఒక గోడ ఉంది. ముందు దాన్ని కూలగొట్టాలె.

నేనైతే తిరగేసి చెప్త. బ్యాంకుల ఎఫ్‌డీ 7 శాతం అనుకో, పన్నెండుతోని భాగిస్తే 58 పైసల వడ్డీ. పీపీఎఫ్ 7.1, అంటే 59 పైసలు. పోస్టాఫీసు ఆర్డీ 6.7, అంటే 56 పైసలు. రిజర్వ్ బ్యాంకు లక్ష్యం పెట్టుకున్నట్టే ధరలు ఏడాదికి 4 శాతం పెరిగినయనుకో, అవి 33 పైసలు. ఎఫ్‌డీ తెచ్చిన 58 పైసలల్ల 33 ఎలుక కొరికిపోతే మిగిలేది పావలా. గిది బోర్డు మీద రాస్తే వెనక బెంచీల పిల్లలు సుత లేచి కూసుంటరు.

ఇంక ఎవడన్న వచ్చి "పదివేలు పెట్టు, నెలకు వెయ్యి ఇస్త" అన్నడనుకో. మా పిల్ల ఒకామె టక్కున "పది రూపాయల వడ్డీనా సార్! ఏడాదికి 120 శాతం వాడు ఏడికెల్లి తెస్తడు?" అన్నది. షేర్లు, ఫండ్లు తర్వాత. ముందు మీ పిలగాని నోట్ల గా ప్రశ్న పడాలె.

చక్రవడ్డీకి నేను చెప్పే కథ ప్రోనోటు. నోటుకు మూడేండ్ల గడువు కదా, గడువు దాటకముందే తిరగరాస్తరు. పదివేలకు రెండు రూపాయల లెక్కన మూడేండ్లకు వడ్డీ 7,200. కొత్త నోటు 17,200 మీద. ఇంకో మూడేండ్లకు 29,584. తొమ్మిదేండ్లకు 50 వేలు దాటుతది. "గీ నోటు మన పెట్టెల ఉంటే మంచిదా, అవతలోని పెట్టెల ఉంటే మంచిదా?" అని అడగండి. పెట్టుబడి అంటే గంతే, నోటు ఎవని పెట్టెల ఉన్నది అన్నదే.

ఎక్స్‌పైరీ_బాధితుడు
2025 మే 5, మధ్యాహ్నం 1:02

ఆ పై వీధి అన్నని నేనే అనుకోండి, మూడేళ్ల కిందటి నేను. 2022లో అమీర్‌పేట హాస్టల్లో ఉండి జావా నేర్చుకుంటూ బ్యాంక్ నిఫ్టీ (బ్యాంకు షేర్ల సూచీ) ఆప్షన్స్ ఆడేవాడిని. మొదటి రెండు వారాలు నాకూ పచ్చే. అదే నా ఖర్మ. మొదటి రోజే పోయుంటే బాగుపడేవాడిని.

మీవాడికి ఆప్షన్ అంటే ఏంటో ఇలా చెప్పండి. మామిడి తోట కాపు రాకముందే రైతుకి బయానా ఇచ్చి, "నెల తర్వాత టన్ను ఈ రేటుకి నేనే కొంటా" అని మాట తీసుకున్నాం. రేటు పెరిగితే మనకి పండగ. పెరక్కపోతే తోట మొహం చూడం, బయానా పోతుంది. ఆ బయానానే ప్రీమియం. తోట లేదు, కాయ లేదు, బయానాలే కొనుక్కుని అమ్ముకునే సంత అది. అప్పట్లో గురువారం మూడున్నరకి సంత ముగిసేది. 40 రూపాయల ప్రీమియం, లాటుకి 25, పది లాట్లు, పదివేలు పెట్టా. రెండున్నరకి 12 రూపాయలుంది. మూడుంపావుకి 2. మూడున్నరకి సున్నా. కింద మెస్‌లో పప్పుచారు వాసన వస్తోంది, నాకు లేవడానికి కాళ్లు రాలేదు. అలా ఏడాదిన్నరలో 2 లక్షల 60 వేలు. అందులో లక్షా పది వేలు లోన్ యాప్‌లవి. నాన్న గేదెలమ్మి కట్టాడు.

సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్కలు బయటపెట్టింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది పోగొట్టుకున్నారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల పైమాటే. ఆడేవాళ్లలో ముప్పై ఏళ్ల లోపువాళ్ల వాటా ఒక్క ఏడాదిలో 31 నుంచి 43 శాతానికి వెళ్లింది.

కానీ ఈ అంకెలు చెబితే మీవాడు "ఆ ఏడుగుర్లో నేనుంటా" అంటాడు. నేనూ అదే అన్నా. కాబట్టి ఒక పని చేయించండి. ఆ అన్నని స్క్రీన్‌షాట్ కాదు, యాప్‌లో ఏప్రిల్ నుంచి మార్చి దాకా మొత్తం పీ అండ్ ఎల్, అంటే లాభనష్టాల లెక్క, తెరిచి చూపించమని మీవాడినే అడగమనండి. ఒక్క నిమిషం పని.

బ్రాడీపేట_తాతయ్య
2025 మే 5, సాయంత్రం 5:48

పదిహేనేళ్ల వాడికి ఇవన్నీ అవసరమా? చదువుకోనివ్వండి. ఇప్పటినుంచే డబ్బు యావ పట్టిస్తే ఎంసెట్ ఎవడు రాస్తాడు? మా రోజుల్లో పాతికేళ్లొచ్చినా జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవాళ్లం.

పదహారేళ్ల_వాడు
2025 మే 5, సాయంత్రం 6:30

తాతయ్యా, నాకు పదహారు. యావ మీరు పట్టించనక్కర్లేదు, రీల్స్ ఎప్పుడో పట్టించేశాయి. ప్రతి మూడో వీడియో "నెలకి లక్ష"యే.

నర్సమ్మ ఆంటీ, ఒక్క మాట. మా ఇంట్లో డబ్బు గురించి మాట్లాడేటప్పుడు నన్ను బయటికి పొమ్మంటారు. ఇంటి లోన్ ఎంతో తెలీదు, నాన్న జీతం ఎంతో తెలీదు, నా ఫీజు ఎంతో రసీదు చూసి తెలుసుకున్నా. మరి మాకు 3,800 అంటే ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుంది? మీవాడికి యాప్ చూపించకండి, ఇల్లు చూపించండి.

డబ్బు పెట్టకుండా నేర్చుకోవడానికి వర్చువల్ ట్రేడింగ్ యాప్‌లు ఉన్నాయి కదా, అవి వాడొచ్చా ఆడిటర్ గారూ?

సీమ_ఆడిటర్
2025 మే 5, రాత్రి 9:15

తమ్ముడూ, వాటి జోలికి పోవద్దని 2024 నవంబర్‌లో సెబీయే హెచ్చరించింది. షేర్ల ధరల మీద ఆటలు, బహుమతులు పెట్టేవాటికి అనుమతి లేదు, మోసపోతే ఫిర్యాదు తీసుకునే దిక్కూ ఉండదు. 2025 జనవరిలో ఇంకో సర్క్యులర్ వచ్చింది. పాఠం చెబుతున్నామనేవాళ్లు మూడు నెలల లోపు ధరలు చూపించి ఫలానా షేరు అని చెప్పకూడదు. "ఈరోజు ఇది కొనండి" అని ఎవరైనా పాఠం చెప్తున్నాడంటే అది పాఠం కాదు.

నీకు కావాల్సింది 40 పేజీల రూళ్ల నోటుపుస్తకం, పొద్దున్నే వచ్చే పేపర్లో బిజినెస్ పేజీ. నిన్నటి ముగింపు ధర అందులో ఉంటుంది. ఇల్లు చూపించమన్న మాట మాత్రం మా ఇంట్లోనూ పాటిస్తా.

నిర్వాహకుడు
2025 మే 5, రాత్రి 10:00

ఇక్కడ ఇద్దరు సభ్యులు పెట్టిన టెలిగ్రామ్ టిప్స్ గ్రూపు లింకులు తీసేశాం. మళ్లీ పెడితే ఖాతా కూడా తీసేస్తాం.

తెనాలి_పిన్ని
2025 మే 6, ఉదయం 11:20

అందరూ షేర్లూ ఫండ్లూ అంటున్నారు. ఆ అమ్మాయికి చీటీలు తెలుసుగా, అక్కడినుంచి ఎత్తుకోవచ్చుగా!

పోయిన వేసవిలో మా ఇంటికి పిల్లలంతా చేరారు. ఐదుగురితో తలా వంద, ఐదు నెలల చీటీ కట్టించా. పాట ఐదు వందలు. మొదటి నెల మా తోటికోడలి మనవడు చెవిలో పెట్టుకునే అవేవో కావాలని 120 తగ్గించి పాడి 380 ఎత్తుకున్నాడు. ఆ 120 ఐదుగురికీ పంచితే తలా 24, అంటే ఆ నెల కట్టింది 76. తర్వాత నెలలకి పాట 80, 60, 30 చొప్పున తగ్గింది. అందరూ ఫోన్లోనే పాడారు. మా మనవరాలు ఆఖరిదాకా కూర్చుని ఐదు వందలూ ముట్టుకుంది. అప్పుడు కాగితం తెచ్చి లెక్క వేయించా. ఒక్కొక్కరూ కట్టింది 442. వాడు 380 తీసుకుని 442 కట్టాడు. ఇది 442 కట్టి 500 తీసుకుంది. "అంటే నా 62 వాళ్లు తిన్నారా అమ్మమ్మా!" అని వాడు ఒకటే ఏడుపు. తినలేదురా, నీకు తొందర, దానికి ఓపిక, తొందరకి ఖరీదు అరవై రెండు అన్నా. మనవరాలికి మాత్రం నోరు మూతపడలేదు. అసలు పెద్ద చీటీ అయితే నడిపేవాళ్ల కమీషను కూడా పోతుందనుకోండి.

బంగారం కూడా కొనిపెట్టండి, కలకాలం ఉంటుంది.

సీమ_ఆడిటర్
2025 మే 6, ఉదయం 11:52

పిన్నిగారూ, ఆ చీటీ రిజిస్టర్ చేయించారా? 😄

పెద్ద చీటీల్లో 1982 చట్టం ప్రకారం కమీషను 5 శాతం ఉండేది, 2019 సవరణతో 7 దాకా తీసుకోవచ్చు. చీటీ కట్టేముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగాలన్నదీ పిల్లలకి చెప్పాల్సిన పాఠమే.

లెక్కల_మాస్టారు
2025 మే 6, సాయంత్రం 7:05

పిన్నిగారు, మీ చీటీ కథ మా బడికి పట్టుకపోతున్న, ఏమనుకోకండి. బంగారం సంగతి మాత్రం అడుగుత. తులం గొలుసు చేయించినప్పుడు తరుగు ఎంత తీసినరు, మజూరీ ఎంత? అదే గొలుసు తెల్లారి అమ్మబోతే ఎంతిస్తరు? సొమ్ము వేసుకునేతందుకు మంచిదే. దాన్ని పెట్టుబడి అనాలంటే ముందుగాల్నే పోయింది సుత లెక్కల రాయాలె.

తెనాలి_పిన్ని
2025 మే 6, రాత్రి 8:11

మాస్టారూ, కష్టమొచ్చిన రాత్రి పదింటికి మీ ఫండు తాకట్టు పెట్టుకునే దుకాణం చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

న్యూజెర్సీ_గోదారోడు
2025 మే 7, ఉదయం 4:36

మాది రావులపాలెం దగ్గర, ఉండేది ఎడిసన్‌లో. ఇక్కడ పద్ధతి వేరేలెండి. మా అమ్మాయి వేసవిలో ఐస్‌క్రీమ్ షాపులో చేస్తుంది, ఆ జీతం చూపించి దాని పేరు మీద కస్టోడియల్ రోత్ ఐఆర్ఏ (పెద్దలు నడిపే రిటైర్మెంట్ ఖాతా) తెరిచాం. అది ఎంత సంపాదిస్తే అంతవరకే వేయొచ్చు, 2025కి పైహద్దు 7,000 డాలర్లు. జీతం లేకపోతే ఆ ఖాతా లేదు. దాంతో పని విలువ తెలిసింది దానికి.

నేను రాసింది అసలు ఇంకో సంగతి కోసం. అమెరికాలో పుట్టిన మనవడి పేరు మీద ఇండియాలో మ్యూచువల్ ఫండ్ తీసుకుందామనే తాతయ్యలు ఇది చదువుతుంటే, ఆగండి. ఆ పిల్లాడు అమెరికా పౌరుడు కాబట్టి మన ఫండ్లు వాళ్ల పన్ను చట్టంలో పీఎఫ్ఐసీ అనే విదేశీ ఫండ్ల లెక్క కిందకొస్తాయి. ఫారం 8621 అనే తద్దినం ఒకటుంటుంది. అది నింపినందుకు సీపీఏ (ఇక్కడి ఆడిటర్) పుచ్చుకునే ఫీజు మీ లాభాన్ని మించిపోద్ది. మా మావయ్యగారు ప్రేమగా చేశారు, మేం రెండేళ్లు తిప్పలు పడ్డాం.

కాకినాడ_నర్సమ్మ
2025 మే 11, మధ్యాహ్నం 3:20

అందరికీ చాలా థాంక్స్. వారం రోజులు డ్యూటీలతో రాయలేకపోయాను.

ముందు పై వీధి సంగతి. మావాడు వెళ్లి ఏడాది పీ అండ్ ఎల్ చూపించమన్నాడట. "యాప్ అప్‌డేట్ అవుతోంది, రేపు చూపిస్తా" అన్నాడట ఆ అబ్బాయి. నాలుగు రోజులైంది, ఇంకా అప్‌డేట్ అవుతూనే ఉంది.

పదహారేళ్ల బాబూ, నువ్వన్నది గుచ్చుకుంది. మొన్న రాత్రి వాడిని కూర్చోబెట్టి ఇంటి లోన్ కాగితాలు ముందేశాను. 18 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం, నెలకి 15,621. మొదటి నెల వరస మీద వేలు పెట్టి చదివాడు. అసలుకి పోయింది 2,871. మిగతా 12,750 వడ్డీ. కాసేపు ఏం మాట్లాడలేదు. రెండో నెల, మూడో నెల వరసలు చూశాడు, అసలు ఇరవై రూపాయల చొప్పున పెరుగుతోందంతే. తర్వాత "అమ్మా, ఈ 12,750 ఎవరికెళ్తుంది?" అన్నాడు. బ్యాంకుకిరా అన్నాను. "అంటే మనలాంటి వాళ్లందరి దగ్గరా బ్యాంకుకి ఇంతింత వస్తుందా?" అవును. "అయితే నేను బ్యాంకు షేరు కొంటాను. నువ్వు కట్టేదాంట్లో కొంచెం నాకు వెనక్కొస్తుంది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వాడన్నది తప్పా, ఒప్పా? మీరే చెప్పండి.

నోటుపుస్తకం కూడా మొదలుపెట్టాడు. ఉత్తుత్తి పదివేలు, మే 9 శుక్రవారం సెన్సెక్స్ (ముప్పై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ముగింపు 79,454 దగ్గర పెట్టినట్టు రాసుకున్నాడు.

సీమ_ఆడిటర్
2025 మే 11, రాత్రి 8:40

అక్కా, షేరు అంటే ఏంటో మీవాడు లోన్ కాగితం చూసి కనిపెట్టేశాడు! వడ్డీ తీసుకునేవాడి వైపు నిలబడటం, వ్యాపారంలో వాటాదారు కావడం. నేను క్లాసులో గంట చెప్పినా ఇంత బాగా చెప్పలేను.

అయితే రెండో మెట్టు ఉంది. బ్యాంకు బాగున్నంత కాలమే ఆ వాటా బాగుంటుంది. మన హైదరాబాద్ కథే చెప్పండి. సత్యం కంప్యూటర్స్‌కి 2008లో కంపెనీ నడిపే తీరు బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు ఖాతాల్లో ఉన్న డబ్బు లేనే లేదని లేఖ రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి వచ్చింది. అప్పుడు సత్యం సెన్సెక్స్‌లో ఒక కంపెనీ. దాన్ని తీసేసి సన్ ఫార్మాని పెట్టారు. ఒక్క సత్యం షేరే ఉన్నవాడు మునిగాడు. ముప్పై కంపెనీలూ తలా కొంచెం ఉన్నవాడికి దెబ్బ తగిలింది గానీ ప్రాణం పోలేదు. ఇలా సూచీలోని కంపెనీలన్నీ తలా కొంచెం కొనే ఇండెక్స్ ఫండ్ అంటే ఇంతే, కుళ్లిన కాయని బుట్టలోంచి తీసేసే పని మనం చేయక్కర్లేదు. బుట్ట మొత్తం ధర పడిన రోజు మాత్రం దానికీ తప్పించుకునే దారి లేదు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పడింది. అదీ చెప్పండి, దాచకండి.

ఎక్స్‌పైరీ_బాధితుడు
2025 మే 11, రాత్రి 9:30

ఇంకో ఆట. వంటింట్లో ఉన్న సరుకులన్నీ టేబుల్ మీద పెట్టి ఏది ఎవరిదో వెతకమనండి. సర్ఫ్ హిందుస్థాన్ యూనిలీవర్‌ది, గుడ్ డే బ్రిటానియాది, ప్యారాచూట్ మారికోది, మ్యాగీ నెస్లేది. వీటి షేర్లు మార్కెట్లో దొరుకుతాయి. పార్లే-జీ దొరకదు, అది ఇంకా ఆ కుటుంబం చేతిలోనే ఉంది. అమూల్ దొరకదు, అది పాడిరైతుల సహకార సంఘాలది. మా చెల్లెలు "మరి పార్లే వాళ్లు షేర్లు ఎందుకు అమ్మలేదు?" అని అడిగింది. దానికి జవాబు వెతుకుతూ కంపెనీలు జనాన్ని పెట్టుబడి ఎందుకు అడుగుతాయి, ఎందుకు అడగవు దాకా వెళ్లిపోయింది. నాకు 21 ఏళ్లప్పుడు ఎవరైనా ఇది ఆడించుంటే గేదెలు మిగిలేవి.

కాకినాడ_నర్సమ్మ
2025 మే 14, ఉదయం 9:05

మా ఇంట్లో రెండు రోజులుగా యుద్ధం. సోమవారం మార్కెట్ 2,975 పాయింట్లు పెరిగిందట. నిన్న పేపర్ చూసి 82,429 అని రాసుకుని లెక్క కట్టాడు. వాడి ఉత్తుత్తి పదివేలు 10,374 అయ్యాయి. "నువ్వు కవరిచ్చుంటే ఒక్కరోజులో 374" అని నా మీద అలిగి అన్నం తినలేదు. ఇవాళ పొద్దున పేపర్ తనే గబగబా తీశాడు. నిన్న 1,281 పాయింట్లు పడింది. 10,213. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని "161 పోయాయి" అన్నాడు. ఉత్తుత్తి డబ్బేగా అంటే, "అయినా పోయాయిగా" అన్నాడు. ఇడ్లీ మాత్రం ఐదు తిన్నాడు.

లెక్కల_మాస్టారు
2025 మే 14, సాయంత్రం 6:45

పుస్తకంల ఇంకో గడి గీయించండి, "ఎందుకు" అని. సోమవారం గడిల ఇండియా, పాకిస్తాన్ నడుమ కాల్పులు ఆగినయని రాస్తడు, అమెరికా, చైనా సుంకాలు తగ్గించుకున్నయని రాస్తడు. మంగళవారం గడిల ఏం రాయాలో తోచక తల గోక్కుంటడు. తోచకపోతే ఖాళీగ ఇడవమనండి. నెలయినంక ఎన్ని గడులు ఖాళీగున్నయో లెక్కపెట్టమనండి.

బ్రాడీపేట_తాతయ్య
2025 మే 15, ఉదయం 7:30

నేను ముందు విసుక్కున్నాను గానీ రోజూ ఇక్కడికొచ్చి చదువుతున్నాను. నా ట్రంకు పెట్టెలో ఒక కాగితం ఉంది. తొంభైల్లో టేకు మొక్కల కంపెనీ ఒకటి ఇచ్చిన సర్టిఫికెట్టు. పైన చెట్టు బొమ్మ, కింద నా పేరు, ఇరవై ఏళ్లకి లక్ష అని. ఆఫీసుకు తాళం పడి పాతికేళ్లు దాటింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడి. నిన్న మా మనవడికి చూపించాను. పదమూడేళ్లు. "తాతయ్యా, తోట ఎక్కడుందో వెళ్లి చూశారా?" అని అడిగాడు. చూడలేదు.

కాకినాడ_నర్సమ్మ
2025 జూన్ 7, రాత్రి 9:50

కాలేజీ మొదలైంది. పెద్దాయనా, మీరు రాసింది మావాడికి చదివి వినిపించాను.

నోటుపుస్తకంలో నాలుగు వారాలయ్యాయి. "ఎందుకు" గడుల్లో సగానికి పైగా ఖాళీ. ఇప్పుడు వాడు పెట్టుకున్న లెక్క ఇది. 2,400 వాడి సరదాలకి. ఐదు వేలు నెలకి 500 చొప్పున పోస్టాఫీసు ఆర్డీ. ఇంకో ఐదు వేలు నెలకి 500 చొప్పున ఇండెక్స్ ఫండ్. పది నెలల తర్వాత రెండిట్లో ఏది ఎంతయిందో చూస్తాడట. పాన్ కార్డు కూడా వచ్చింది, ఫొటో లేదని గోల. మైనర్ కార్డు మీద ఉండదని చెప్పాను.

సీమ_ఆడిటర్
2025 జూన్ 7, రాత్రి 10:20

ఒక్క చోట ఆగండక్కా. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది. నాలుగు నెలలు మించి కట్టడం తప్పితే ఖాతా ఆగిపోతుంది. పది నెలల డబ్బుతో అరవై నెలల పనికి దిగొద్దు. ఆ ఐదు వేలూ వాడి కొత్త ఖాతాలోనే ఏడాది ఎఫ్‌డీ వేయించండి. ఫండ్‌లో పెట్టే ఐదు వందలు మాత్రం ఐదారేళ్లు తీయనన్నట్టే పెట్టాలి, పది నెలల్లో అది తగ్గి కూడా ఉండొచ్చు. ఆ మాట ముందే వాడి చేత పుస్తకంలో రాయించండి, అప్పుడు అలగడు.

పది నెలల తర్వాత డబ్బు ఎక్కడిదంటాడు?

కాకినాడ_నర్సమ్మ
2025 జూన్ 8, ఉదయం 8:15

కింద వాటాలో ఇద్దరు పిల్లలకి లెక్కలు చెబుతానంటున్నాడు, నెలకి తలా 300. మీరు రాసింది గుర్తుపెట్టుకుని "సొంతంగా సంపాదిస్తే నీ ఆదాయంలో కలవదమ్మా" అని నాకే చెప్పాడు.

ఎఫ్‌డీ సంగతి అలాగే చేస్తాను. రేపు సోమవారం నాకు నైట్ డ్యూటీ, పగలు ఖాళీ. బ్యాంకుకి వెళ్తున్నాం. పుట్టినతేదీకి పదో తరగతి మార్కుల మెమో సరిపోతుందా?

సీమ_ఆడిటర్
2025 జూన్ 8, ఉదయం 8:40

సరిపోతుంది. అయితే మెమోలో పేరూ, ఆధార్‌లో పేరూ అచ్చుగుద్దినట్టు ఒకటేనా అని ఇవాళే చూసుకోండి. తేదీ కూడా. మావాడికి ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉండి మూడుసార్లు తిప్పారు.

కాకినాడ_నర్సమ్మ
2025 జూన్ 8, ఉదయం 8:52

చూశాను. ఆధార్‌లో ఇంటిపేరు చివర్న ఉంది. దేవుడా.